నందివర్ధనం మీద నీలకంఠుడు

మా పెరట్లో వొక రేక నందివర్ధనం చెట్టు వుంది. పన్నెండేళ్ళ క్రితం మా నాన్నగారు కడియం వెళ్ళి, మట్టిముద్దతో సహా ఆ మొక్కను ఆటోలో వొళ్ళో పెట్టుకుని తెచ్చి, నూతిపళ్ళెం పక్కన పాతారు. తరవాత రెండేళ్ళకే ఆయన వెళ్ళిపోయారు. మొక్క మాత్రం గోడను మించి ఎదిగి చెట్టయింది. రోజూ తెల్లవారుజామున మా అమ్మ స్నానం చేసి, సజ్జ పట్టుకుని దానికింద నిలబడుతుంది. పూలు కోసినంతసేపూ పెదవులు కదుపుతూనే వుంటుంది. అది స్తోత్రమో, నాన్నగారికి చెప్పుకునే యింటి కబుర్లో మేమెవ్వరమూ యింతవరకూ అడగలేదు.

పోయిన యేడు వేసవిలో మా ఆవిడకు పెద్ద ఆపరేషను జరిగింది. మనిషి సుఖంగా గట్టెక్కి యింటికి వచ్చిననాడే మా అమ్మ మొక్కుకుంది: కార్తీకమాసం నెల్లాళ్ళూ రోజుకు 108 నందివర్ధనం పూలతో శివుడికి పూజ చేస్తానని. చెట్టు అప్పటికి విరగబూస్తున్నది. మొక్కు పెద్దదే గాని, అసాధ్యమైనదేమీ కాదు.

దీపావళి యింక వారం రోజులుందనగా, చెట్టుకింద తుడుస్తున్న మా ఆవిడ చీపురు ఆపి నన్ను కేకేసింది.

"ఏమండీ, యిలా రండి. మన పెరట్లోకి మేకలు గాని వచ్చాయా?"

నేలమీద మిరియాలకంటె కాస్త పెద్దవిగా, పొడుగునా గాట్లు పెట్టినట్లు నల్లని వుండలు పడివున్నవి. వీధి గేటు వేసే వుంది. నేను ఆ వుండల్ని పరిశోధిస్తూ వుండగా, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి తలెత్తి చెట్టుకేసి చూసింది.

"నాన్నగారూ, మేకలు పైనున్నాయి!" అన్నది.

నిజమే. మేకలు చెయ్యవలసిన పనే చేస్తున్నవి. బొటనవేలంత లావున, అంతకు కొంచెం పొడుగున, ఆకు రంగులో కలిసిపోయిన పచ్చని పురుగులు. పక్కల వెంబడి వొక తెల్లని చార, దాని చుట్టూ ముత్యాలు చల్లినట్లు తెల్లచుక్కలు, తోక దగ్గర పసుపుపచ్చని పొట్టి కొమ్ము. విస్తట్లో పద్ధతిగా భోంచేసే పెద్దమనిషిలా, ఆకును అంచునుంచి కోసుకుంటూ తునక మిగల్చకుండా తింటున్నవి. లెక్కపెడితే పదకొండు. చెట్టుకు తూర్పువైపు కొమ్మల్లో అప్పటికే ఈనెలు మిగిలినవి.

నేను పుల్ల తీసుకుని వొకదాన్ని కదిపాను. అది తల లోపలికి ముడుచుకుని మెడ ఉబ్బించింది. ఉబ్బినచోట రెండు కళ్ళు తెరుచుకున్నవి! నీలంగా, నడుమ తెల్లగా, చుట్టూ కాటుక దిద్దినట్లు నల్లగా వున్న కళ్ళు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. మా అమ్మాయి నవ్వింది.

అటకమీద సీసా

"అటకమీద పాత మందు సీసా వుండాలి. దింపండి" అన్నది మా ఆవిడ. "మొక్కు నాకోసం గదా. పూలు లేకపోతే అత్తయ్యగారు కుమిలిపోతారు."

ఆ సీసాకు వొక కథ వుంది. నాలుగేళ్ళ క్రితం యిట్లాగే ఆకులు పోతుంటే, తింటున్నదెవరో చూడకుండానే బజారునుంచి పురుగుమందు తెచ్చి కొట్టాను. పాళ్ళు చదివే ఓపిక లేక వొక మూత ఎక్కువే పోశాను. తెల్లారేసరికి పురుగులు నల్లగా ముడుచుకుని రాలిపడ్డవి. నేను విజయగర్వంతో కాఫీ తాగుతున్నాను. అమ్మ సజ్జతో వచ్చి, వొక పువ్వు కోసి, వాసన చూసి, సజ్జను నూతిగట్టుమీద పెట్టేసింది.

"విషం వాసన వేసే పువ్వు దేవుడి నెత్తిన ఎట్లా పెట్టనురా?" అన్నది.

పది రోజులు చెట్టునిండా పూలు పూసి, రాలి, నేలపాలయినవి. వొక్కటీ పూజకు నోచుకోలేదు. పైగా ఆ చెట్టు కొమ్మకే అప్పట్లో తేనెపిట్టలు గూడు కట్టుకుని వున్నవి. తేనె తాగే పిట్టలు పిల్లలకు మాత్రం చిన్న చిన్న పురుగుల్ని తెచ్చి పెడతాయని నాకు అప్పుడు తెలియదు. మందు కొట్టిన మూడోనాటికి గూట్లో చప్పుడు ఆగిపోయింది. అది మందువల్లనేనని కోర్టులో నేను రుజువు చెయ్యలేను. మా యింట్లో ఎవరూ రుజువు అడగలేదు.

అందుచేత యీసారి సీసా మాట ఎత్తగానే అమ్మ తల అడ్డంగా వూపింది. "ముందు అదెవరో కనుక్కో. పేరైనా తెలియనివాణ్ణి చంపడమేమిటి? చదువుకున్నవాడివి గదా!" అన్నది.

నేను చదువుకున్నది తెలుగు ఎమ్మే. నిఘంటువులో పురుగు వుంది, కీటకం వుంది, క్రిమి వుంది, గొంగళి వుంది. మనిషిని తీసిపారెయ్యడానికి పనికొచ్చే పురుగు సామెతలూ వున్నవి. మా పెరటి పురుగు పేరు మాత్రం అందులో దొరకలేదు. అమ్మాయి సెల్‌ఫోనులో తీసిన ఫోటో పట్టుకుని, మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడి గదికి వెళ్ళాను.

ఈజిప్టు బొమ్మ పోలిక

ఫోటో చూసి మిత్రుడు సంతోషంతో బల్ల చరిచాడు. "డాఫ్నిస్ నీరియై! గన్నేరు శలభం. నీ యింటికి మహారాణి వచ్చిందయ్యా, నువ్వు మేక అనుకుంటున్నావు" అన్నాడు.

రాత్రిపూట ఎగిరే యీ జాతి రెక్కపురుగుల్ని స్ఫింక్స్ శలభాలంటారు. ప్రపంచంలో 1,400కు పైగా రకాలున్నవి. డేగలాగా దూసుకుపోతాయి గనుక ఇంగ్లీషువాళ్ళు హాక్ మాత్‌లని కూడా పిలుస్తారు. స్ఫింక్స్ అన్న పేరు పురుగు దశ చూసి పెట్టినది. బెదిరినప్పుడు ముందుభాగం పైకెత్తి, తల ముడిచి, కదలకుండా కూచుంటుంది గదా, ఆ భంగిమ ఈజిప్టు ఎడారిలోని నరముఖ సింహం బొమ్మను గుర్తుకు తెస్తుంది. స్వీడను దేశపు లిన్నేయస్ పండితుడు 1758లో జంతువులకు శాస్త్రీయనామాలు పెడుతూ, దీన్ని కూడా అందులో చేర్చాడు. గన్నేరు శాస్త్రీయనామం నీరియమ్. అందులోంచే నీరియై వచ్చింది.

గన్నేరు పేరు పెట్టుకున్నా, మన దేశంలో యీ పురుగుకు నందివర్ధనమంటే మహాప్రీతి. బిళ్ళగన్నేరు, ఏడాకుల పొన్న, యీమధ్య ప్రతి డాబామీదా కనిపించే అడీనియం, యివీ దాని భోజనశాలలే. మన దేశపు స్ఫింక్స్ శలభాల గురించి బెల్, స్కాట్ అనే యిద్దరు 1937లో వొక పెద్ద సంపుటి ప్రకటించారు. వారిలో బెల్ పశ్చిమతీరాన కార్వారులో అడవిశాఖ ఉద్యోగి. పురుగుల్ని యింట్లో పెంచి, ఏది ఏ ఆకు తింటుందో, ఏ దశలో ఎట్లా వుంటుందో చూసి రాసిన మనిషి.

"ఆయన పెంచగా లేనిది, మేం పెంచలేమా?" అన్నది మా అమ్మాయి ఆ సాయంత్రం. మా ఆవిడ నాకేసి చూసిన చూపు యిక్కడ వర్ణించను.

నాలుగు జన్మలు

దాని జీవితం యిట్లా నడుస్తుంది. తల్లి శలభం చీకటిపడ్డాక వచ్చి లేతాకుల మీద గుడ్లు పెడుతుంది. కుప్పగా పెట్టదు, యిక్కడొకటి, అక్కడొకటి. ఆవగింజంత, లేతాకుపచ్చగా, గుండ్రంగా వుంటాయి. మన వేడికి కొద్దిరోజుల్లోనే గుడ్డు పగిలి పసుపుపచ్చని పిల్ల బయటికి వస్తుంది. దాని వొంటికంటె తోకమీది కొమ్మే ముందు కంటబడుతుంది: నల్లగా, వెంట్రుకంత సన్నంగా, తన సైజుకు తగని పొడుగు. ఆకు తినడం మొదలుపెట్టగానే పసుపు పోయి పచ్చరంగు వస్తుంది.

పురుగు చర్మం మనలాగా సాగదు. చొక్కా బిగువైనప్పుడల్లా విడిచి కొత్తది తొడుక్కోవాలి. నాలుగుసార్లు కుబుసం విడిచి, అయిదో దశకు వచ్చేసరికి మేము చూసిన బొటనవేలి ప్రమాణం వస్తుంది. తినవలసినదాంట్లో ఎక్కువభాగం యీ ఆఖరి దశలోనే తింటుంది. "నిన్నటిదాకా బాగానే వుంది, వొక్కరాత్రిలో చెట్టు దులిపేసింది" అని మనం అనేది యిందుకే. నిన్నటిదాకా కూడా అక్కడే వుంది. చిన్నది గనుక మనం చూడలేదు.

తిండి ముగిశాక వొకనాడు పచ్చరంగు మాసి, వీపు నల్లబడుతుంది. అప్పుడు అన్నాళ్ళూ దిగని చెట్టు దిగుతుంది. మా చెట్టుమీద మొదటిది సరిగ్గా దీపావళినాడు దిగింది. వీధిలో టపాకాయలు పేలుతుంటే, మాడిన వంకాయలాగా వొక పురుగు నూతిపళ్ళెం దాటుకుని యెండుటాకుల కుప్పకేసి నడుస్తున్నది. ఆకుల అడుగున నాలుగు పోగులు అల్లుకుని, అందులో గోధుమరంగు ప్యూపాగా మారుతుంది. కాళ్ళుండవు, నోరుండదు. పక్కల నల్లచుక్కలు, ముందువైపు వొక నల్లగీత. ముట్టుకుంటే తోక చివర మాత్రం వులిక్కిపడుతుంది.

పదకొండింటి గతీ చెప్పాలి. కాకులూ గోరింకలూ నాలుగింటిని ఎత్తుకుపోయినవి. నాలుగు తమంతట తామే ఆకుల్లోకి వెళ్ళిపోయినవి. మిగిలిన మూడింటినీ అమ్మాయి, కడిగి ఎండబెట్టిన పాత వూరగాయ జాడీలో, అడుగున మట్టీ యెండుటాకులూ పరిచి, పైన పల్చని గుడ్డ కట్టి పెట్టింది. పుట్టిన శలభం రెక్కలు ఆరబెట్టుకోవడానికి పట్టుకునేందుకు వొక గరుకుపుల్ల నిలబెట్టమని మిత్రుడు చెప్పాడు.

కడియంలో మరో మాట

జాడీ సంగతి అట్లా వుండగా, చెట్టు సంగతి తేలాలి. నాన్నగారు మొక్క తెచ్చిన కడియం ప్రాంతం మా వూరికి దగ్గరే. కాలవగట్టు వెంట ఎటు చూసినా నర్సరీలు. కడియపులంక మొక్కలు లారీలెక్కి దేశమంతా వెళతాయి. అక్కడ నాకు తెలిసిన వొక నర్సరీ రైతు వున్నాడు. పురుగును గురించి నేను కాస్త కవిత్వధోరణిలో మొదలుపెట్టేసరికి ఆయన నవ్వాడు.

"తవరికి వొక్క చెట్టండీ. మాకు అయ్యే కూడండి. సంచీలో మొక్కకి పాతిక ఆకులుంటాయండి. యీ పురుగొక్కటి పడిందంటే తెల్లారేసరికి పుల్ల మిగుల్తాదండి. పుల్లని ఎవరు కొంటారండి?"

"మరి మందు కొడతారా?"

"పువ్వులమొక్కలకి చేత్తో ఏరడమే మేలండి. కిందన రెట్ట చూసుకుని, ఏ మొక్క మీదుందో ఆ మొక్కే చూస్తావండి. రాత్రి టార్చిలైటేసి ఏరేస్తావండి. ఏరినవి గట్టుమీద ముసలి నందివర్ధనం వుంది, దానిమీద పడేస్తావండి. దానికేం కాదండి. ఆకు తింటే మళ్ళీ వేస్తాదండి. వేరు బలంగా వుంటే నందివర్ధనం చావదండి. మీ నాన్నగారు తీసుకెళ్ళిందాని వయసెంతండి?"

"పన్నెండేళ్ళు."

"అయితే బెంగ లేదండి. ఓ నెల ఓపిక పట్టండి. కాసిని నీళ్ళు పొయ్యండి. ఆయ్!"

కవిత్వానికీ పురుగుమందుకూ నడుమ వొక దారి వుందని ఆ రైతు నాకు అయిదు నిమిషాల్లో చెప్పాడు. చిన్న మొక్కయితే ఏరెయ్యాలి; పెద్ద చెట్టయితే ఓర్చుకోవాలి.

గరళం ఎక్కడ ఆగుతుంది?

వొక ప్రశ్న మాత్రం మిగిలింది. గన్నేరు విషమని మనవాళ్ళకు తరతరాలుగా తెలుసు. ఆకు తిన్న పశువు బతికి బట్టకట్టడం కష్టం. అటువంటి ఆకును యీ పురుగు మూడుపూటలా ఎట్లా తింటున్నది?

మిత్రుడు కాగితంమీద బొమ్మ వేసి చెప్పాడు. జంతువుల జీవకణాల పైపొరలో అతిసూక్ష్మమైన పంపులుంటాయి. అవి సోడియాన్ని బయటికి తోడి, పొటాషియాన్ని లోపలికి తెస్తుంటాయి. గుండె కొట్టుకోవాలన్నా, నరాల్లో వార్త నడవాలన్నా యీ తోడకం ఆగకూడదు. గన్నేరు విషం వెళ్ళి ఆ పంపుకు అడ్డంపడుతుంది. అందుకే గుండె లయ తప్పుతుంది.

అమెరికాలో మొనార్క్ అనే సీతాకోకచిలుక వుంది. దాని పిల్లలు మన జిల్లేడు కుటుంబానికి చెందిన పాలమొక్కలు తిని పెరుగుతాయి. ఆ పాలల్లోనూ యీ కోవ విషమే. మొనార్క్‌లో ఆ పంపు నిర్మాణమే కాస్త మారిపోయింది. విషం దానికి అంటుకోదు. గన్నేరు శలభం కూడా అంతేననుకున్నారు. తీరా జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయంవారు పరీక్షించి 2009లో ప్రకటించినదేమంటే, దీని పంపు ఏమాత్రం మారలేదు. విషం తగిలితే మన పంపులాగే ఆగిపోతుంది. అయినా పురుగు నిక్షేపంలా వుంటున్నది!

ఆ చిక్కు 2013లో కొంత విడింది. నరాల తాడు చుట్టూ వొక పొర వుంది. వొక రకం విషాన్ని ఆ పొర లోపలికి రానివ్వదు. చొరబడగల యింకో రకాన్ని, గుమ్మంలో కాపలావాడు మెడబట్టి గెంటినట్లు, పనిగట్టుకుని బయటికి నెట్టేస్తుంది. పురుగు లోపల సున్నితమైనది సున్నితంగానే వుంది; దానిదాకా విషం చేరదు.

యిదంతా ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మకు నాకు చేతనైన తెలుగులో చెప్పాను. మజ్జిగన్నం కలుపుకుంటున్న అమ్మ చెయ్యి ఆగింది.

"మెడమీద నీలంమచ్చలున్నాయన్నావు గదూ?"

"వున్నాయి. కళ్ళలాగా, పిట్టల్ని బెదిరించడానికి."

"ఎందుకైతేనేం. నా శివుడు గరళాన్ని గొంతులో ఆపాడు. వీడు నరాల దగ్గర ఆపాడు. నీలకంఠుడేరా! నేను పూలు కోసేది ఎవరికోసమో, ఆయనే వచ్చి ఆకులు తిన్నాడు. తిననీ" అన్నది.

ఇరవయ్యేళ్ళుగా నేను అలంకారశాస్త్రం పాఠం చెబుతున్నాను. ఆ రాత్రి నేనేమీ మాట్లాడలేదు. నిఘంటువులో దొరకని పేరు మా వంటింట్లో దొరికింది.

దీపమూ, శలభమూ

కార్తీకం వచ్చింది. మొదటి వారం రోజుకు ముప్ఫయి నలభై పూలకంటె రాలేదు. 108లో తక్కువైనవాటికి అమ్మ మారేడుదళాలు పెట్టింది. మా ఆవిడ మాత్రం ప్రతి పొద్దునా లేవగానే తూర్పువైపు కొమ్మల దగ్గరికి వెళ్ళి, చిగురు వచ్చిందేమోనని చూసి వచ్చేది. ఎనిమిదోనాడు చూసి వచ్చి, వొక్కమాట: "వచ్చిందండీ" అన్నది. ఆస్పత్రిలో ఆపరేషనయ్యాక కళ్ళు తెరిచినప్పుడు ఆవిడ ముఖం నాకు గుర్తుకు వచ్చింది.

కార్తీకపున్నమి సాయంత్రం. తులసికోట దగ్గర అమ్మ 365 వత్తులు వెలిగించి, పక్కన వరసగా ప్రమిదలు పెట్టింది. అమ్మాయి జాడీ దగ్గరనుంచి కేక పెట్టింది. మూడింటిలో వొకదాన్నుంచి అంతకుముందే శలభానికి బదులు నాలుగు ఈగలు వచ్చి మమ్మల్ని నిరాశపరచినవి. పురుగుల వొంట్లో పిల్లల్ని పెంచుకునే ఈగలు కొన్ని వుంటాయి. లోకంలో పురుగుల లెక్క మించిపోకుండా చూసేవాళ్ళలో అవీ వొకరు. యీసారి వచ్చింది అసలైన మనిషి. పుల్లమీద తడితడిగా, ముడుచుకుపోయిన రెక్కలతో వేలాడుతున్నది.

చూస్తూ వుండగా వొంట్లోని ద్రవం రెక్కల్లోకి ఎక్కి, నలిగిన పట్టుచీర మడత విప్పినట్లు రెక్కలు సాగినవి. ఆకుపచ్చలో ఎన్ని పచ్చలు! నడుమ తెల్లని అలలు, అక్కడక్కడ లేత గులాబీ, మొదట్లో నీడలాంటి వూదా. నునుపుచేసిన పాలరాతిలో చారలు తేలినట్లు. చాపితే అంచునుంచి అంచుకు 9 నుంచి 11 సెంటీమీటర్ల దాకా వుంటాయట. మా ఆవిడ చాలాసేపు చూసి, "యీ రంగు చీర ఎక్కడా చూడలేదు" అన్నది. అంతకుమించిన యోగ్యతాపత్రం లేదు.

తొమ్మిదిన్నర దాటాక రెక్కలు వణకడం మొదలైంది. చలికి కాదు. ఎగిరే కండలు వేడెక్కితే గాని యీ శలభాలు లేవలేవు. అందుకని మోటారు వేడిచేసుకున్నట్లు ముందు వణుకుతాయి. అది చూసి అమ్మ కంగారుపడింది. "వొరేయ్, దీపాలింకా వెలుగుతున్నాయి. మంటలో పడుతుందేమో!" అని కొంగుతో ప్రమిదల్ని మరుగు చెయ్యబోయింది.

ఆ భయం మనందరిదీ. దీపాన్ని మోహించి మంటలో మాడిపోయే మూఢుడికి శలభాన్ని మించిన పోలిక మనకు లేదు. నేనే క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! కాని 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ అనే పత్రికలో శామ్యూల్ ఫేబియన్, యశ్ సొంధీ మొదలైనవారు వొక కొత్త సంగతి ప్రకటించారు. అతివేగపు కెమెరాలతో తీసి చూస్తే, పురుగులు దీపంమీదికి వురకడంలేదు; దీపానికి వీపు తిప్పుతున్నవి. యుగయుగాలుగా రాత్రిపూట వెలుగున్నది ఆకాశంలో. వెలుగుకు వీపు పెట్టి ఎగిరితే నేలకు సమంగా ఎగురుతున్నట్లే. మనిషి వచ్చి పక్కన దీపం పెట్టేసరికి, పాపం, దానికి వీపు పెట్టబోయి వొరిగి, చుట్టూ తిరిగి, చిక్కుకుపోతున్నవి. అది మోహం కాదు, దారితప్పడం.

ఆ పరిశోధనలో యింకో విశేషం వుంది. వాళ్ళు పరీక్షించిన పురుగుల్లో రెండు మాత్రం అట్లా తడబడకుండా దీపం మీదుగా ఎగిరిపోయినవి. వొకటి పళ్ళమీద వాలే చిన్న ఈగ. రెండోది యీ గన్నేరు శలభమే.

ప్రయోగశాలలో జరిగినది మా తులసికోట దగ్గర జరగాలని నియమం లేదు. అందుకని నేను కూడా గుండె చిక్కబట్టుకునే నిలబడ్డాను. శలభం పుల్ల వదిలింది. ప్రమిదల వరసకు జానెడెత్తున, తిన్నగా, దాటుకుని పోయింది. గోడవార చంద్రకాంత పొద దగ్గర గాలిలో అట్లాగే నిలబడి, గడియారం స్ప్రింగులా చుట్టివున్న తొండం విప్పి, వొక్కొక్క పువ్వులోనూ ముంచి తీసింది. వాలలేదు. రెక్కలు కనపడనంత వేగం. తరవాత సన్నజాజి పందిరి, తరవాత చీకటి.

రాత్రిపూట తెల్లగా పూసి, పొడుగుగొట్టంలో తేనె దాచుకునే పూలు చాలామట్టుకు యిటువంటి అతిథుల కోసమే ఎదురుచూస్తాయి. 1862లో డార్విన్, మడగాస్కరు ద్వీపపు పువ్వు వొకటి చూసి, దాని తేనెగొట్టం అడుగుకు దగ్గరగా వుండేసరికి, అంత పొడుగు తొండమున్న శలభం ఆ దీవిలో వుండితీరాలన్నాడు. కొందరు నవ్వారు. డార్విన్ పోయిన తరవాత, 1903లో, ఆ శలభాన్ని గుర్తించి వర్ణించారు. అదీ యీ స్ఫింక్స్ కుటుంబానిదే. మన గన్నేరు శలభం కూడా తక్కువదేమీ కాదు. ఆఫ్రికానుంచి ఎండాకాలాల్లో సముద్రాలు దాటి ఐరోపా దాకా వెళ్ళివస్తుంది.

మొక్కు

కార్తీకం ఆఖరి సోమవారంనాడు సజ్జలో 93 పూలు లెక్కకు వచ్చినవి. తక్కిన పదిహేనూ మారేడుదళాలు. "లెక్క సరిపోయింది" అన్నది అమ్మ.

చదువరులకు వొక్క మనవి. నందివర్ధనమో గన్నేరో ఆకులు పోతుంటే, సీసాకోసం వెతికే ముందు చెట్టుకింద చూడండి. నల్లవుండలు కనిపిస్తే తలెత్తి చూడండి. మొక్క చిన్నదయితే పురుగుల్ని ఏరి పెద్ద చెట్టుమీదికి చేర్చండి. గన్నేరు ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం మరవకండి. పెద్ద చెట్టయితే దానిమానాన దాన్ని వదిలి, యెండుటాకుల్ని వో మూలకు తోసి వుంచండి. యెండుటాకులన్నీ కాల్చేస్తే, ప్యూపాకు పడక లేకుండాపోతుంది.

అటకమీది సీసా యిప్పుడు మా యింట్లో లేదు. దాని గడువు ఎప్పుడో దాటిపోయింది. నీళ్ళల్లో పారబొయ్యకుండా, మూత బిగించి, పనికిరాని మందులు తీసుకునే చోటు కనుక్కుని యిచ్చి వచ్చాను.

మొన్న తెల్లవారుజామున అమ్మ పూలు కోస్తూ నన్ను పిలిచింది. కళ్ళజోడు సవరించుకుని వొక లేతాకు చూపించింది. దానిమీద ఆవగింజంత పచ్చని గుడ్డు.

"ఆ కొమ్మ పూలు నేను కొయ్యనులే" అన్నది, పక్కకొమ్మ వంచుకుంటూ. పెదవులు మళ్ళీ కదలడం మొదలుపెట్టినవి.